సెలవు రోజున ఎవరితో తిరిగామో కంపెనీ అడగొచ్చా? రాజీనామా రాయమంటే రాసివ్వాలా?

ప్రశ్న పొడుగ్గా ఉంది, కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. అదే ప్లాంటు డిస్పాచ్‌లో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. కులాలు వేరు, రెండిళ్ళలోనూ ఇంకా తెలియదు. వీక్లీ ఆఫ్ రోజున ఇద్దరూ రొట్టెల పండక్కి వెళ్ళారు. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి పెళ్ళి రొట్టె (పెళ్ళి కావాలని కోరుకుని అందుకునే రొట్టె) అందుకుంటుంటే ఎవరో ఫోటో తీసి ప్లాంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మర్నాడు హెచ్ఆర్ నుంచి పిలుపు. "ఏందిమ్మా ఇది? ఫోన్ ఇట్టియ్యి, చూడాల. ఇట్టాంటివి ఇక్కడ కుదరవు. నువ్వే రాసిచ్చి పోతే మర్యాదగా ఉంటది, లేదంటే మీ నాయనకు ఫోన్ చేస్తాం" అన్నారట. ముందర తెల్ల కాగితం, పెన్ను పెట్టారు. ఆమె రెండు రోజులు గడువు అడిగి బయటికి వచ్చింది. అబ్బాయిని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఆమె అడిగేది మూడు విషయాలు: కంపెనీకి ఈ అధికారం ఉందా, రాసివ్వాలా, ఫోన్ చూపించకపోతే తప్పవుతుందా.

నేను నెల్లూరు, ఒంగోలులో ఉద్యోగుల తరఫున కేసులు చూసే న్యాయవాదిని. ముందు సూటిగా జవాబు చెప్తానమ్మా, కారణాలు తర్వాత.

రాసివ్వొద్దు. సెలవు రోజున, ప్లాంటు బయట, మేజర్లయిన ఇద్దరు కలిసి తిరగడం ఏ చట్టం ప్రకారమూ దుష్ప్రవర్తన కాదు. దాని మీద నిన్ను తీసేసే అధికారం కంపెనీకి లేదు. నీ సొంత ఫోన్ చూపించాల్సిన పని లేదు. మీ నాన్నగారికి ఫోన్ చేసే హక్కు అసలే లేదు. అయితే ఈ హక్కులన్నీ ఆ తెల్ల కాగితం మీద నీ సంతకం పడేంతవరకే నీ చేతిలో బలంగా ఉంటాయి. సంతకం పడ్డాక కూడా పోరాడొచ్చు, కానీ నేల మీద నిలబడి చేసే పోరాటం కాదది, బావిలోంచి ఎక్కి వచ్చి చేయాల్సిన పోరాటం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ప్రేమ, పెళ్ళి, విడాకులు, ఎవరితోనో స్నేహం లాంటి కారణాలతో ఉద్యోగం పోయిన మనుషులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్ళ చేతిలో డిస్మిస్ ఆర్డరు ఉండటం చాలా అరుదు. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని వాళ్ళ దస్తూరీతోనే రాసిన కాగితం కంపెనీ ఫైల్లో ఉంటుంది. ఎందుకంటే తీసేయాలంటే కారణం చూపించాలి, షోకాజ్ (సంజాయిషీ నోటీసు) ఇవ్వాలి, ఎంక్వయిరీ పెట్టాలి, రేపు లేబర్ ఆఫీసులో జవాబు చెప్పాలి. "ఈ అమ్మాయి ఒక అబ్బాయితో పండక్కి వెళ్ళింది కాబట్టి తీసేశాం" అని రాసిన ఆర్డరు ఎక్కడా నిలబడదని హెచ్ఆర్‌కి నీకంటే బాగా తెలుసు. అందుకే కాగితం నీ ముందుకు తోశారు. రాసేది నువ్వైతే కారణం చూపించే బాధ్యత వాళ్ళ మీద ఉండదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. ఎవరిని ప్రేమించాలి, ఎవరిని పెళ్ళి చేసుకోవాలి అన్నవి ఆ గోప్యతలో భాగమే. కులాంతర వివాహం చేసుకున్న మేజర్లను వేధించకూడదని 2006లో లతా సింగ్ కేసులో, పెళ్ళి కాకుండా కలిసి ఉండటం నేరం కాదని 2010లో ఖుష్బూ కేసులో, జీవిత భాగస్వామిని ఎంచుకునే హక్కు మేజరుదేనని 2018లో షఫీన్ జహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో అనుమానానికి తావే లేదు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇంటర్నెట్‌లో చదివి వచ్చేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వానికి వ్యతిరేకంగా వాడుకునేవి. ప్రైవేటు కంపెనీ గోప్యతకు భంగం కలిగించిందని నేరుగా హైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కుల కోసం వేసే పిటిషన్) వేస్తే, చాలా సందర్భాల్లో "కింద ఉన్న మార్గాలు వాడుకోండి" అని వెనక్కి పంపుతారు. కాబట్టి ప్రైవేటు ఉద్యోగిని కాపాడేవి మామూలు కార్మిక చట్టాలూ కాంట్రాక్టు చట్టమూ. ఇవి వినడానికి అంత ఘనంగా ఉండవు గానీ, పని చేసేవి ఇవే.

కాంట్రాక్టు చట్టంతో మొదలుపెడదాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మేజరైన మనిషి పెళ్ళి చేసుకోకుండా అడ్డుకునే ఏ ఒప్పందమైనా చెల్లదు. అంటే నీ అపాయింట్‌మెంట్ లెటర్లో "తోటి ఉద్యోగిని పెళ్ళి చేసుకోరాదు" అని ఉండి, నువ్వు సంతకం చేసి ఉన్నా, ఆ షరతును చూపించి నిన్ను కట్టడి చేయలేరు. పెళ్ళి చేసుకుందన్న కారణంతో మిలిటరీ నర్సింగ్ ఆఫీసరును తొలగించిన కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు నిరంకుశమని చెప్పి, ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించమంది. 1988లో జరిగిన అన్యాయానికి 2024లో డబ్బు. అంత ఆలస్యం కావడం బాధాకరమే. అయినా సూత్రం మాత్రం స్పష్టంగా నిలిచింది.

ఇక దుష్ప్రవర్తన. మన దగ్గర యజమానికి నచ్చని ప్రతి పనీ దుష్ప్రవర్తన కాదు. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే రాతపూర్వక ఉద్యోగ నియమాలు, ఉన్న కంపెనీల్లో ఏవేవి దుష్ప్రవర్తన కిందికి వస్తాయో అందులో రాసి ఉండాలి. రాయనిదాన్ని తర్వాత తెచ్చి అతికించడం కుదరదని 1980ల్లో గ్లాక్సో లేబొరేటరీస్ కేసులోనూ, ఏ.ఎల్. కల్రా కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. గ్లాక్సో కేసు నీలాంటి వాళ్ళకు బాగా దగ్గరిది. స్టాండింగ్ ఆర్డర్లలో "కంపెనీ ఆవరణలో గానీ, దాని పరిసరాల్లో గానీ" అని ఉంటే, ఎక్కడో దూరంగా జరిగిన సంఘటనను అందులోకి లాగలేరు. అంతకు చాలా ముందే, 1963లో అగ్నానీ కేసులో, ఉద్యోగికీ బయటి మనిషికీ మధ్య జరిగిన సొంత గొడవతో యజమానికి సంబంధం లేదని, ఉద్యోగంతో హేతుబద్ధమైన లంకె ఉంటేనే అది దుష్ప్రవర్తన అవుతుందని చెప్పారు.

చీమకుర్తి గ్రానైట్ వైపు నుంచి వచ్చిన ఒక కేసు చెప్తాను, వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. కటింగ్ మిషన్ ఆపరేటరు. ఆదివారం ఊళ్ళో వైన్ షాపు దగ్గర ఎవరితోనో పెనుగులాట, చొక్కా చిరిగింది, పోలీసు కేసు కూడా కాలేదు. ఎవరో వీడియో తీశారు. సోమవారం పనికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు, "కంపెనీ పరువు తీశావు" అన్నారు. అతను చేసిన మంచి పని ఒక్కటే, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కన్సిలియేషన్‌లో, అంటే లేబర్ ఆఫీసు రాజీ చర్చల్లో, మేము అడిగింది కూడా ఒకటే: ఆ వీడియోలో కంపెనీ ఎక్కడుంది? యూనిఫాం లేదు, కంపెనీ బండి లేదు, తోటి ఉద్యోగి లేడు, పని వేళ కాదు. రెండో వాయిదాకే పనిలోకి తీసుకుంటామన్నారు, పోయిన రోజుల జీతంలో కొంత ఇచ్చారు. వీడియోలో అతను చేసిన పని మంచిదని నేను అనలేదు. దానికి శిక్ష వేసే చోటు కంపెనీ కాదు అన్నాను, అంతే.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, ఇప్పుడు ఇవన్నీ చెల్లుతాయా అని అడుగుతారు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం స్టాండింగ్ ఆర్డర్లు 300 మందీ అంతకు పైనా ఉన్న సంస్థలకే తప్పనిసరి. ఇది చిన్న ప్లాంట్లలోని వాళ్ళకు నష్టమే, ఆ మాట దాచను. కానీ స్టాండింగ్ ఆర్డర్లు లేనంత మాత్రాన ఇష్టమొచ్చినట్టు తీసేయొచ్చని కాదు. తొలగించిన ఒక్క మనిషి కూడా యూనియన్ తోడు లేకుండా లేబర్ ఆఫీసుకు వెళ్ళే హక్కు అలాగే ఉంది. పచ్చి అబద్ధపు కారణాలతో తీసేయడం, కక్షతో దూరం ట్రాన్స్‌ఫర్ చేయడం ఇప్పటికీ అన్యాయ కార్మిక పద్ధతులే. గడువు మాత్రం తగ్గింది, తొలగించిన నాటి నుంచి రెండేళ్ళ లోపే కదలాలి. ల్యాబ్‌లో చేసేది సాంకేతిక పని కాబట్టి నువ్వు "వర్కర్" నిర్వచనంలోకి వస్తావు. సూపర్‌వైజరు హోదాలో 18,000 రూపాయల పైన జీతం తీసుకునేవాళ్ళు, మేనేజర్లు అందులోకి రారు. వాళ్ళు కాంట్రాక్టు ప్రకారం సివిల్ కోర్టు దారి పట్టాలి.

నువ్వు కంపెనీ రోల్స్‌లో (ఉద్యోగుల జాబితాలో) ఉన్నావా, కాంట్రాక్టరు రోల్స్‌లోనా అన్నది నీ ప్రశ్నలో లేదు. కాంట్రాక్టరు మనిషివైతే "రేపట్నుంచి రావొద్దు" అని ఒక్క మాటతో ముగిస్తారు, అప్పుడు పోరాటం కష్టమవుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నా అంతే, కొంచెం బలహీనమే.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. కంపెనీకి అసలు ఏమీ అడిగే హక్కు లేదని నేను అనడం లేదు. ఉద్యోగుల సంబంధం పనిలోకి దిగినప్పుడు అడగొచ్చు. ఆ అబ్బాయి నీ పై అధికారి అయి, నీ లీవులు, ఇంక్రిమెంటు, షిఫ్టు అతనే నిర్ణయిస్తుంటే, కంపెనీ మీ ఇద్దరిలో ఒకరిని వేరే సెక్షన్‌కి మార్చొచ్చు. అది న్యాయమే, తోటివాళ్ళకు కూడా అవసరమే. నువ్వు శాంపిల్ పాస్ చేస్తే తప్ప కంటైనర్ కదలదు. లోడు పంపేది అతను. ఇక్కడ "నీ సంతకం మీద అతని ఒత్తిడి ఉంటుందా" అని కంపెనీ ఆలోచిస్తే నేను తప్పు పట్టను. ఎగుమతి సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది, మొత్తం ప్లాంటు నష్టపోతుంది. కాబట్టి వాళ్ళు అతని లోడ్ల రిపోర్టుల మీద రెండో సంతకం ఉండాలన్నా, షిఫ్టులు మార్చినా ఒప్పుకో. రాతపూర్వకంగా ఇమ్మని అడుగు. జీతం, హోదా తగ్గకూడదు. దీనికీ "రాసిచ్చి పో" అనడానికీ పోలికే లేదు.

డ్యూటీలో ఉండగా, ఆవరణలో, కంపెనీ బస్సులో నడవడిక గురించి నియమాలు పెట్టొచ్చు. కంపెనీ హాస్టల్లో ఉంటే రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారో, బయటివాళ్ళు రావొచ్చో లేదో వాళ్ళు చెప్పొచ్చు. కానీ హాస్టల్ నియమం తప్పితే హాస్టల్ ఖాళీ చేయమనగలరు గానీ, ఉద్యోగం నుంచి పంపలేరు. ఈ రెంటినీ కలిపి బెదిరించడం మన ప్లాంట్లలో మామూలైపోయింది. దూరం ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ పోతే ఉద్యోగం పోయినట్టే అనుకుని వణికిపోతారు. పోదు.

ఒంగోలులో ఇంకో రకం కేసు చూశాను. ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి తన కింద పనిచేసే అమ్మాయితో కొంతకాలం స్నేహంగా ఉన్నాడు. ఆమె వద్దనుకున్నాక వరసగా నైట్ షిఫ్టులు వేయడం, అడిగిన లీవు ఆపడం, రాత్రిపూట మెసేజీలు. కంపెనీ చర్య తీసుకుంటే "ఇది నా వ్యక్తిగత జీవితం, నా గోప్యత" అని నా దగ్గరికి వచ్చాడు. అతని తరఫున నేను నిలబడలేదు. ఇద్దరి ఇష్టంతో ఉన్నంతవరకే అది వ్యక్తిగతం. ఒకరు వద్దన్నాక అధికారాన్ని వాడటం పనిచేసే చోట మహిళల మీద వేధింపులను అడ్డుకునే 2013 చట్టం కింద లైంగిక వేధింపు, ఆ మెసేజీ ఇంటి నుంచి పంపినా సరే. గోప్యత హక్కు ఇలాంటి మనిషికి దాక్కునే గోడ కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫోన్ విషయం. సొంత ఫోన్ అయితే లాక్ తీసి ఇవ్వొద్దు. "ఏమీ లేకపోతే చూపించడానికేం" అంటారు. ఏమీ లేకపోయినా చూపించాల్సిన పని లేదు. బలవంతంగా లాక్కుని తెరిస్తే అది ఐటీ చట్టం కింద ఫిర్యాదు దాకా వెళ్తుంది. కంపెనీ ఇచ్చిన ఫోన్, కంపెనీ మెయిల్ అయితే లెక్క వేరు, వాటిని చూసుకునే అధికారం వాళ్ళకు చాలావరకు ఉంటుంది, కాబట్టి సొంత మాటలు వాటిలో మాట్లాడొద్దు. ఇప్పుడు చాలా చోట్ల సెల్ఫీతో హాజరు తీసుకునే యాప్‌లు వచ్చాయి. అవి లొకేషన్ కూడా అడుగుతాయి. షిఫ్ట్ అయ్యాక ఆ యాప్‌కి లొకేషన్ ఆపెయ్. డ్యూటీ లేనప్పుడు నువ్వు చెరువు దగ్గరున్నావో గుడి దగ్గరున్నావో కంపెనీకి తెలియాల్సిన అవసరం లేదు.

"మీ నాయనకు ఫోన్ చేస్తాం." నీ ప్రశ్నలో నన్ను బాగా కలవరపెట్టింది ఈ మాటే. చేరేటప్పుడు ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని నాన్నగారి నంబరు రాసి ఉంటావు. అమ్మోనియా లీకైతేనో, నువ్వు కళ్ళు తిరిగి పడిపోతేనో ఫోన్ చేయడానికి ఇచ్చిన నంబరది. దాన్ని నిన్ను బెదిరించడానికి వాడటం, ఇచ్చిన ప్రయోజనానికి మించి వాడటమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాలకు యజమాని కొంత సమాచారం వాడుకునే వెసులుబాటు ఉంది గానీ, ఉద్యోగి ప్రేమ గురించి ఇంట్లో చెప్పడం ఉద్యోగ అవసరం కిందికి ఎలా వస్తుంది? దాని నిబంధనలు 2025 నవంబరులోనే వచ్చాయి, యజమానుల బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి కాబట్టి ఇవాళ దాన్ని మాత్రమే నమ్ముకోమని చెప్పను. కానీ "రాసివ్వకపోతే ఇంట్లో చెప్తాం" అని భయపెట్టి కాగితం రాయించుకోవడం భారతీయ న్యాయ సంహిత కింద నేరపూరిత బెదిరింపు దాకా వెళ్తుంది. అలా రాయించుకున్న రాజీనామా కాంట్రాక్టు చట్టం ప్రకారం నువ్వు రద్దు చేసుకోదగినది కూడా.

ఇంకో మాట. కులాలు వేరైన ప్రేమ విషయంలో ఇంటికి వెళ్ళే ఆ ఒక్క ఫోన్ కాల్ ఎక్కడికి దారి తీస్తుందో హెచ్ఆర్ గదిలో కూర్చున్నవాళ్ళు ఆలోచించరు. ఒక అమ్మాయిని ఉద్యోగం మాన్పించి, ఫోన్ తీసేసుకుని, నెల తిరక్కుండా వేరే సంబంధం చేసేసిన ఇళ్ళు నాకు తెలుసు. అంతకంటే ఘోరం జరిగిన సంగతులు మనమంతా పేపర్లో చదువుతూనే ఉన్నాం. నీకు ఇంటి నుంచి ప్రమాదం ఉందనిపిస్తే ముందే చెప్పు. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు పోలీసులు రక్షణ ఇవ్వాలని, సురక్షిత నివాసం ఏర్పాటు చేయాలని స్పష్టంగా ఆదేశించింది. జిల్లా ఎస్పీకి ముందుగానే ఒక అర్జీ పెట్టొచ్చు. మీలో ఒకరు ఎస్సీ లేదా ఎస్టీ అయి, ఆ గదిలో కులం పేరెత్తి ఏమైనా అన్నారా? అన్నారంటే ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకో, అది వేరే కేసు.

ఫోటో తీసి గ్రూపులో పెట్టినవాడి సంగతి ఎవరూ అడగలేదు, గమనించావా? బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడం దానికదే నేరం కాకపోవచ్చు. కానీ దాని కింద వెకిలి మాటలు రాసి ఉంటే, లేదా హెచ్ఆర్ గదిలో "ఎక్కడెక్కడికి పోయారు, ఏమేం చేశారు" అని అడిగి ఉంటే, అవి నీకు ఇష్టం లేని లైంగిక స్వభావమున్న మాటలు. పది మందీ అంతకు పైనా పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల లోపు అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. కమిటీయే లేకపోయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఒకే సంబంధంలో ఉన్న ఇద్దరిలో అమ్మాయిని మాత్రమే పిలిచి వెళ్ళిపోమనడం కూడా వివక్షే. ఆ విషయం నీ లెటర్లో తప్పక ఉండాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి. నీకు రెండు రోజుల గడువుంది కాబట్టి ఈ రాత్రే మొదలుపెట్టు.

ప్లాంటులో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు కాబట్టి ఆ మాటల రికార్డింగ్ ఉండదనే అనుకుంటున్నాను. పర్వాలేదు. గదిలో ఎవరెవరున్నారు, ఎన్ని గంటలకు, ఎవరు ఏ మాటన్నారు, మీ యాసలో వాళ్ళు అన్నది అన్నట్టే ఒక నోట్‌బుక్కులో రాయి. తర్వాత నీ సొంత మెయిల్ నుంచి హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పంపు. పొడుగు వద్దు, ఇలా చాలు:

"నిన్న హెచ్ఆర్ గదిలో నన్ను రాజీనామా రాయమని అడిగారు. నేను రాజీనామా చేయడం లేదు, ఉద్యోగంలో కొనసాగుతున్నాను. నా పని మీద ఫిర్యాదు ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబిస్తాను. ఈ విషయంలో నన్ను ఒక్కదాన్నే పిలిచి వెళ్ళిపోమనడం నాకు అభ్యంతరం. నేనిచ్చిన ఎమర్జెన్సీ నంబరును అత్యవసరానికి తప్ప మరి దేనికీ వాడటానికి నా అంగీకారం లేదు."

అందులో ఆ అబ్బాయి గురించి ఏమీ రాయొద్దు. ప్రేమిస్తున్నానని ఒప్పుకోనూ వద్దు, అతనెవరో తెలియదని అబద్ధమూ వద్దు. రేపు ఎంక్వయిరీ పెడితే "ప్రేమించింది" అనేదాని మీద వాళ్ళేం చేయలేరు, "యాజమాన్యానికి అబద్ధం చెప్పింది" అనేది మాత్రం పట్టుకుంటారు. అడిగితే ఒకటే మాట: "అది నా వ్యక్తిగత విషయం సార్, పని గురించి అడగండి, చెప్తాను."

డ్యూటీ మానొద్దు. ఏడుపొచ్చి నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే "తనే రావడం మానేసింది" అని రాసేస్తారు. రోజూ వెళ్ళి పంచ్ వెయ్. గేటు దగ్గర ఆపితే గొడవ పడకుండా, గేటు ముందు నిలబడి టైముతో ఫోటో తీసి, "ఈ రోజు ఫలానా టైముకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని అప్పుడే మెయిల్ పెట్టు. సాయంత్రం అదే మాట స్పీడ్ పోస్టులో కూడా పంపు. పీఎఫ్ ఖాతా అప్పుడప్పుడు తెరిచి చూడు, నీకు తెలియకుండా ఉద్యోగం ముగిసిన తేదీ ఎక్కిస్తే అక్కడ కనిపిస్తుంది.

ఇది చదివే సరికే సంతకం పెట్టేసి ఉంటే? వెంటనే, గంటల్లో, "నన్ను భయపెట్టి రాయించుకున్నారు, ఆ రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను" అని మెయిల్ పెట్టు. ఆమోదించేలోపు రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. ఆమోదించాక కూడా, వెంటనే అభ్యంతరం చెప్పినవాళ్ళ మాట నమ్ముతారు. ఆరు నెలలు ఊరుకుని, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు (ఉద్యోగం ముగిశాక లెక్క తేల్చి ఇచ్చేది) తీసుకుని, తర్వాత బలవంతం అంటే ఎవరూ నమ్మరు.

ఈ ప్రశ్న కింద ఇద్దరు ముగ్గురు ప్రభుత్వ ఉద్యోగులు కూడా మా సంగతేంటి అని అడిగారు. వాళ్ళకు నియమాలు కాస్త కఠినం. 1964 ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాలు డ్యూటీ బయటి జీవితాన్ని కొంతవరకు పట్టించుకుంటాయి. భార్య లేదా భర్త ఉండగా రెండో పెళ్ళి, కట్నం, బహిరంగంగా తాగి ఉండటం వాటిలో ఉన్నాయి. ఇవి నిజంగానే ఉద్యోగం పోగొట్టగలవు. కానీ ప్రేమించడం, కులాంతర వివాహం, విడాకులు తీసుకోవడం వాటిలో లేవు. వివాహేతర సంబంధం 2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ తీర్పుతో నేరం కాకుండా పోయింది. శాఖాపరమైన చర్య మాటకొస్తే, ఆ కారణంతో తొలగించిన ఒక కానిస్టేబుల్‌ను 2022లో గుజరాత్ హైకోర్టు తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. సైన్యంలో మాత్రం చర్య తీసుకోవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి సచివాలయ ఉద్యోగికీ, సైనికుడికీ ఒకే సమాధానం ఉండదు.

ప్రైవేటు స్కూలు టీచర్లది మరో దారి. టీచర్లు కార్మికుల నిర్వచనంలోకి రారని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి లేబర్ ఆఫీసు వాళ్ళను వెనక్కి పంపుతుంది. వాళ్ళకు 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టంలో రక్షణ ఉంది, విచారణ లేకుండా తీసేయకూడదు. షాపుల్లో, షోరూముల్లో పనిచేసేవాళ్ళకు 1988 షాపులు, సంస్థల చట్టం వర్తిస్తుంది. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సహేతుక కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదు. నెల్లూరు ట్రంక్ రోడ్డు బట్టల షాపుల్లో పనిచేసే పిల్లల్లో ఈ చట్టం ఉందని తెలిసినవాళ్ళు ఎందరున్నారు?

ఖర్చు గురించి భయపడొద్దు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చెయ్. వెళ్ళేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్, గత మూడు నెలల పే స్లిప్పులు, ఐడీ కార్డు జెరాక్సు, ఆ వాట్సాప్ ఫోటో స్క్రీన్‌షాట్ గ్రూపు పేరు, తేదీ కనిపించేలా తీసుకెళ్ళు. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంచుకుని అసలు మెసేజీ డిలీట్ చేయొద్దు, సాక్ష్యం కింద పెట్టాలంటే అది ఉన్న ఫోన్ కావాలి.

అపాయింట్‌మెంట్ లెటర్ మొదటి పేజీలో యజమాని పేరు దగ్గర కంపెనీ ఉందా, కాంట్రాక్టరు ఉన్నాడా చూసి ఇక్కడ రాయి. ట్రాన్స్‌ఫర్ షరతు ఏమైనా ఉంటే అది కూడా రాయి. దాన్ని బట్టి లేబర్ ఆఫీసు అర్జీలో ఎవరిని ప్రతివాదిగా పెట్టాలో చెప్తాను.